నీలం ఎక్కువైన గోడ

పలాసలో మా ఆఫీసు మెట్లెక్కి వచ్చేవాళ్లు చాలామంది ఫోనులో ఎవరిదో ఇంటి ఫోటో పెట్టుకుని వస్తారు. "అచ్చం ఇలాగే కావాలి మేడం" అంటారు. ఆ రోజు వచ్చిన తల్లీకూతుళ్లలో కూతురు కూడా అలాగే వచ్చింది. ఆమె టెక్కలిలో ఒక ఆఫీసులో గుమస్తా. కూర్చోగానే ఫోను తీసి, ముందుభాగమంతా గాజు పలకలున్న ఇల్లు ఒకటి చూపించింది. తల్లి మాత్రం కుర్చీ వంక చూడనైనా చూడకుండా నేరుగా మా కిటికీ దగ్గరకు వెళ్లి నిలబడింది. అరవై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంది. కాసేపు బయటికీ, కాసేపు నా టేబులు మీదికీ చూసి అడిగింది.

"ఇది ఉత్తరమేనా అమ్మా?"

"అవునమ్మా."

"మరి అద్దానికి ఈ నల్ల కాయితం ఏల అంటించేరు? ఎలుతురంతా పాడైపోనాది."

ఆ కాగితం మేం అంటించింది కాదు, గది అద్దెకు తీసుకునేటప్పటికే ఉంది. రెండేళ్లుగా దాని కిందే కూర్చుని ఇళ్లకు వెలుతురు ఎటునుంచి రావాలో గీస్తున్నాను. నవ్వేసి ఊరుకున్నాను గానీ, వాళ్లు వెళ్లాక బ్లేడు తెచ్చి గీకేశాను.

మా ఆఫీసంటే పెద్దదేమీ కాదు. కాశీబుగ్గ వెళ్లే దారిలో, ఎరువుల దుకాణం మీద రెండు గదులు. నేను ప్లాన్లు గీస్తాను, విశాఖపట్నంలో నాతో చదువుకున్న స్నేహితురాలు స్తంభాల లెక్కలు, స్లాబుల లెక్కలు చూస్తుంది. పనులన్నీ ఇళ్లే. పట్టణంలో వంద గజాలవి, అంతకంటే చిన్నవి. ఉద్దానం వైపు తోటల్లో రైతులవి. తోటలో ఇల్లంటే ఏ కొబ్బరిచెట్టు తియ్యాలన్నది తేలడానికే వారం పడుతుంది. వజ్రపుకొత్తూరు దాటితే ఉప్పుగాలికి ఇనుప ఊచలు నిలవవు, కిటికీలన్నీ చెక్కతోనే ఆలోచించాలి. బోరు నీళ్లు తాగితే కిడ్నీలు పాడవుతాయన్న భయంతో, ఆ పక్క ఊళ్లలో ఎవరింటికి వెళ్లినా, మంచినీళ్ల క్యాన్లు పెట్టుకునే గట్టు వంటింట్లో ఎంత పొడవుండాలో మొదటే చెప్పేస్తారు. మిగతా ఇల్లు తరవాత.

వీళ్లది పట్టణం చివర కొత్తగా వేసిన కాలనీలో ఎనభై గజాల స్థలం. తూర్పున రోడ్డు. ఉత్తరాన పక్క స్థలం అప్పటికి ఖాళీ, పిచ్చిమొక్కలు మొలిచి ఉంది. తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీలో గ్రేడింగు చేసేది. పొట్టు తీసిన పప్పును రంగును బట్టి, పరిమాణాన్ని బట్టి ఏరి వేరు చేసే పని. చిన్నతనంలో మొదలుపెట్టి, ఆర్నెల్ల కిందటే మానేసిందని కూతురు చెప్పింది. మానేసినా ఒక చిన్న వ్యాపారి ఇంటికే పప్పు పంపిస్తానన్నాడట. దానికోసం ఒక గది కావాలి. అంతే ఆవిడ కోరింది.

మొదటి ప్లాను చాలా ఇష్టపడి గీశాను. మా దగ్గర గాలి దక్షిణం నుంచి బాగా వస్తుంది. అందుకని ఆవిడ గదిని దక్షిణం వైపు పెట్టి, గోడ పొడవునా కిటికీ ఇచ్చాను. కంప్యూటరులో బొమ్మ చేసి, కిటికీలోంచి ఎండ నేలమీద పడుతున్నట్టు కూడా చూపించాను. కూతురికి నచ్చింది. తల్లి ఆ ఎండ మీద వేలు పెట్టింది.

"ఇక్కడ కూసుంటే పప్పు అబద్ధం సెప్తాది."

నాకు అర్థం కాలేదు. కూతురికి కొంచెం సిగ్గనిపించినట్టుంది. "అమ్మా, ఆవిడ చదువుకున్నారు, ఆవిడకి తెలీదేటి?" అంది.

"సదువుకున్నాదనే సెప్తన్నాను" అంది తల్లి. నావైపు తిరిగి, "రేపు పొద్దున్న తొమ్మిదింటికి ఫ్యాక్టరీకి రా అమ్మా. నోటితో సెప్తే తెల్దు" అంది.

వెళ్లాను. పెద్ద హాలు. ఉత్తరం గోడ నిండా కిటికీలు, వాటికింద వరసగా బల్లలు, ప్రతి బల్లకీ ఆడవాళ్లు. ఎవరూ తల ఎత్తడం లేదు. చేతులు మాత్రం కదులుతున్నాయి. ఆవిడ తన పాత చోటుకు నన్ను తీసుకెళ్లింది. పక్క బల్ల దగ్గర ఆవిడతో ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన సన్నపాటి మనిషి ఉంది. జరిగి నాకు చోటిచ్చింది.

తల్లి పళ్లెంలోంచి గుప్పెడు పప్పు తీసి, బల్ల మీద ఐదు కుప్పలుగా పెట్టింది. "సూడు" అంది. చూశాను. ఐదూ తెల్లగానే ఉన్నాయి. ఇంకాస్త వంగి చూస్తే చివరిది కొంచెం ముదురనిపించింది.

"రెండు రకాలు" అన్నాను.

పక్క బల్ల ఆవిడ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తల్లి నవ్వలేదు. ఒక్కో కుప్పనీ వేలితో చూపిస్తూ, ఇది పాల తెలుపు, ఇది మీగడ, ఇది అటుకులు, ఇది దంతం, ఇది వేడి తగిలి కమిలినది అని చెప్పింది. చెబుతున్నకొద్దీ నా కళ్లకు ఒక్కొక్కటీ విడిపోవడం మొదలైంది. ఆ తరవాత ఆ పప్పంతా అరచేతిలో వేసుకుని, దక్షిణం తలుపు దగ్గరకు, ఎండలోకి తీసుకెళ్లింది. అక్కడ అన్నీ ఒకటే బంగారు రంగు.

"ఎండకి అందరూ బంగారమే. ఇందాకటి దానికి ఇప్పటి దానికి తేడా తెల్సిందేటి?"

తెలిసిందన్నాను. కాలేజీలో ఉత్తరపు వెలుతురు గురించి చదివి పరీక్ష రాసినదాన్నే. చిత్రకారుల గదులకూ, బట్టల మిల్లులకూ అదెందుకు వాడతారో పాఠం అప్పజెప్పగలను. ఇంటికెళ్లి మొదటి ప్లాను పక్కన పెట్టేశాను.

రెండో ప్లానులో ఆవిడ గది ఈశాన్యం మూలకు వచ్చింది. ఇప్పుడు కూతురికి అభ్యంతరం. ఈశాన్యంలో దేవుడి గది ఉండాలి కదా అంది. తల్లి కాసేపు ఆలోచించి, "దేవుడికి దీపం ఉన్నాది. నాకు కిటికీ కావాల" అంది. చివరకు దేవుణ్ణి అదే గదిలో తూర్పు గోడకు గూట్లో పెట్టాం. ఇద్దరికీ సరిపోయింది.

ఆవిడ కుర్చీలో కూర్చుని పనిచెయ్యదలచుకోలేదు. నడుము నొప్పి, నేలమీదైతే కాళ్లు చాపుకోవచ్చు. అందుకని కిటికీ కింద పొడవాటి సిమెంటు గట్టు అనుకున్నాం. దాని ఎత్తెంతో పుస్తకాల్లో దొరకదు. పునాది అయ్యాక సైటులో ఆవిణ్ణి కూర్చోబెట్టి, ముందు ఇటుకలు పేర్చి, ఒకటి తీసి, ఒకటి పెట్టి చూశాం. మేస్త్రికి ఓపిక తక్కువ. "పిన్నీ, ఇది ఇల్లా, దర్జీకి కొలతలిచ్చే జాకెట్టా?" అన్నాడు. ఆవిడ చేతులు గాల్లో పెట్టి లేని పప్పును ఏరుతూ, "ఇంకో అంగుళం దించు నాయనా" అంది. దించాడు.

గోడలు లింటెలు ఎత్తుకు వచ్చిన రోజుల్లో ఉత్తరం స్థలంలో పిచ్చిమొక్కలు కొట్టేసి ముగ్గు పోశారు. లగేజీ ఆటో నడుపుకునే కుటుంబం. వాళ్లది చకచకా లేచింది. నెలన్నర తిరిగేసరికి మా కిటికీకి మూడడుగుల దూరంలో నున్నటి గోడ, పైదాకా. నేను సైటుకు వెళ్లేసరికి ఆవిడ తన గట్టు దగ్గర కూర్చుని ఉంది. పైన స్లాబు కోసం చెక్కలు పరిచేసి ఉన్నాయి, గదిలో పగటిపూట కూడా సాయంత్రంలా ఉంది. ఖాళీ స్థలం ఎప్పుడూ ఖాళీగా ఉండదని నాకు తెలియాలి. అది నా పని. ఆవిడ చెప్పిన వెలుతురు మీద పెట్టిన మనసు, ఆ వెలుతురు రేపు ఎటునుంచి వస్తుందన్నదాని మీద పెట్టలేదు.

ఆ వారమంతా నేనూ నా స్నేహితురాలూ దానిమీదే కూర్చున్నాం. ఆ గది స్లాబును మిగతా ఇంటికంటే మూడడుగులు పైకి లేపి, ఉత్తరం వైపు పైభాగంలో ఇంకో కిటికీ ఇస్తే, పక్కింటి గోడ మీదుగా ఆకాశం కనిపిస్తుంది. స్తంభాలకు ఇబ్బంది లేదని ఆమె లెక్క వేసి చెప్పింది. మేస్త్రి అప్పటికే సెంట్రింగు చెక్కలు కొట్టేశాడు. ఒక పూటంతా గొణుక్కుని, మర్నాడు అవన్నీ ఊడదీశాడు. మే, జూన్‌లలో సూర్యుడు ఉత్తరానికి జరిగి ఆ కిటికీలోంచి కూడా తొంగిచూస్తాడు కాబట్టి, బయట చిన్న సిమెంటు రెక్కలు పెట్టాం.

అయినా గట్టు మీద వెలుతురు నేననుకున్నంత లేదు. పైనుంచి సందులోకి వచ్చిందంతా పక్కింటి సిమెంటు గోడ మింగేస్తోంది. అది చెప్పింది ఆవిడే.

"ఆ గోడ తెల్లగుంటే సగం ఎలుతురు మనకే తిరిగొచ్చేస్తాది. నానెళ్లి అడుగుతాను, నువ్వు రా."

పక్కింటావిడ చిన్నవయసు మనిషి, కొత్త గోడలకు నీళ్లు కొడుతోంది. ఈవిడ గుమ్మంలోనే నిలబడి మొదలుపెట్టింది.

"అమ్మా, మీ దచ్చిణం గోడకి నాను సున్నం ఏయించుకుంటాను. మీకు అడ్డమేటీ నేదు కదా?"

"మా గోడకి మీరేల ఏయించడం పెద్దమ్మా?"

"గోడ మీదే గాని, దాన్ని సూసేది నానే కదా."

ఆ మాటకు పక్కింటావిడ నవ్వేసింది. ఏయించుకోండి, మీ చేత్తోనే మా లోపల వంటింటి గోడకి కూడా ఒక చెయ్యి సున్నం ఏయించండి అంది. ఒప్పందం అయిపోయింది.

సున్నం కలిపిన రోజు నేనక్కడే ఉన్నాను. ఇంత చిన్న గోడకి పెయింటరెందుకని మేస్త్రే పూనుకున్నాడు. సున్నం నానబెట్టి, పాత పంచెతో వడగట్టి, తెలుపు తేలడానికి మామూలుగా వేసే నీలిమందు చిటికెడు కలిపాడు. గోడమీద జానెడు రాసి ఆరనిచ్చాం. ఆవిడ దగ్గరగా వెళ్లి చూసింది.

"పసుప్పచ్చగున్నాది. ఇంకొంచెం ఎయ్యి."

వేశాడు. మళ్లీ రాశాడు. మళ్లీ ఆరింది.

"ఇంకా మీగడ రంగే. తెలుపు రానేదు."

మూడోసారి వేసేముందు మేస్త్రి నావైపు చూశాడు. నా కంటికి అప్పటికే అది స్కూలు పిల్లల చొక్కాకు నీలం ఎక్కువ పెట్టినట్టుంది. చెప్పాలనుకున్నాను. ఐదు కుప్పలు రెండుగా కనిపించిన నా కళ్లు గుర్తొచ్చాయి. తెలుపు గురించి ఆవిడకు నేను చెప్పడమేమిటి? తల ఊపాను. మేస్త్రి వేశాడు. నాలుగోసారికి ఆవిడ, "ఆఁ, ఇదీ పాల తెలుపంటే" అంది. గది లోపలి గోడలకూ, పక్కింటి గోడకూ, మాటిచ్చిన ప్రకారం పక్కింటి వంటింటికీ అదే వేశారు.

ఇల్లు పూర్తయింది. ఆవిడ చేరింది. ఒకటి రెండుసార్లు అటువైపు పనిమీద వెళ్లినప్పుడు చూశాను. కాళ్లు చాపుకుని, గట్టు మీద పళ్లెం పెట్టుకుని ఏరుకుంటోంది. ఆ గది మా ఆఫీసులో గీసిన వాటన్నిటిలోకీ నాకు నచ్చిన గది. ఫోటోలు తీసినప్పుడల్లా గోడలు నీలంగా పడేవి. కెమెరా అంతే అనుకునేదాన్ని.

కొన్ని నెలల తరవాత కూతురు ఫోను చేసింది. "అమ్మకి కుడికంటికి శుక్లం ఆపరేషన్ చేయించాం మేడం. కట్టు విప్పి వారమైంది. మిమ్మల్ని ఒకసారి రమ్మంటోంది. గోడ గురించట."

నేను వెళ్లేసరికి ఆవిడ నల్లకళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, గది మధ్యలో నిలబడి ఉంది. ఎడమకన్ను అరచేత్తో మూసుకుంది. చూసింది. చెయ్యి మార్చి కుడికన్ను మూసుకుంది. చూసింది. అలా నాలుగైదుసార్లు చేసింది.

"ఈ పాత కంటితో సూత్తే తెలుపు. ఈ కొత్త కంటితో సూత్తే ఆకాశం. ఓలమ్మ, గోడలన్నీ ఇంత నీలంగా ఉన్నాయేటి?"

అప్పుడు నాకు అర్థమైంది. కంట్లో శుక్లం ముదిరినకొద్దీ లోకమంతా పసుపు పడుతుంది. అది మెల్లగా వస్తుంది గనక వాళ్లకు తెలియదు. ఆవిడ ఆ పసుపును పోగొట్టడానికి నీలం మీద నీలం వేయించింది.

కిటికీలోంచి పక్కింటావిణ్ణి పిలిచింది. ఆమె సందులోకి వచ్చి నిలబడింది.

"ఏటమ్మా, మీ గోడ నీలంగున్నట్టు నీకు తెల్దా?"

ఆమె నావైపు ఒకసారి చూసి, నేల చూపులు చూస్తూ చెప్పింది. "తెల్సు పెద్దమ్మా. మా వంటిల్లు కూడా అలగే ఉన్నాది. మా ఆయన రోజూ అంటాడు, మనది ఇల్లా, సముద్రమా అని. పెద్దామె సెప్పింది కదా, పెద్దామెకి తెల్దేటని ఊరుకున్నాం."

ఆవిడ నావైపు తిరిగింది.

"నువ్వు సూసేవా?"

"చూశానమ్మా."

"సున్నం కలిపిన రోజేనా?"

"ఆ రోజే."

"మరేల సెప్పనేదు?"

మీ కళ్లనే నమ్మానన్నాను. అది నిజమే. అయినా నోట్లోంచి వచ్చాక సాకులాగే వినిపించింది. ఆవిడ గట్టు మీద కూర్చుంది. కోపం లేదు. ముఖంలో ఇంకేదో లెక్క నడుస్తోంది. కాసేపటికి, "గోడ పోనీ. మళ్లీ ఏసుకుంటాం. పని మానీసేముందు నానేరిన పప్పు మాటేటి?" అంది. టీ తాగి వచ్చేశాను.

రెండో కంటికి కూడా ఆపరేషన్ అయ్యి, డాక్టరు దుమ్ములోకి వెళ్లవచ్చన్నాక, ఒక ఆదివారం గోడలు మళ్లీ వేయడానికి పెట్టుకున్నాం. మేస్త్రి వచ్చాడు. ఫ్యాక్టరీలో పక్క బల్ల దగ్గర కూర్చునే ఆ సన్నపాటి మనిషి కూడా, కళ్లు ఎలా ఉన్నాయో చూద్దామని అరటిపళ్లు పట్టుకుని వచ్చింది. ఆవిడ ఆమెను గుమ్మంలోనే ఆపేసింది.

"నిజం సెప్పు. నానేరిందంతా తప్పేనా?"

ఆమె పళ్లు కింద పెట్టి, పెట్టినవాటిని సర్ది, మళ్లీ సర్దింది.

"అంతా కాదప్పా. ఆఖరి ఏడాదిన్నర. మీగడకీ అటుకులకీ కలిపీసేదానివి. నువ్వు అన్నానికి ఎళ్లినప్పుడు నీ పళ్లెం నాను మళ్లీ సూసీదాన్ని."

"రోజూనా?"

"రోజూ."

"ఇంకెవులకి తెల్సు?"

"మన వరసంతటికీ తెల్సు. నాను ఒంట్లో బాగోక రాని రోజున ఇంకొకర్తె సూసీది."

మేస్త్రి సున్నం కలపడం ఆపేశాడు. ఆవిడ గుమ్మం చెక్క పట్టుకుంది. అంతమంది ముందు ఏడుస్తుందేమోనని భయపడ్డాను. చివరకు అంది.

"దీన్ని మోసం సేసేరనుకోవాలా, నన్ను మోసేరనుకోవాలా?"

"నీకెలగ నచ్చితే అలగ అనుకో అప్పా" అంది ఆమె. అప్పుడు ఆవిడ నవ్వింది. కళ్లు తుడుచుకోబోయి, చేత్తో రుద్దకూడదని డాక్టరు చెప్పింది గుర్తొచ్చి ఆగింది. కూతురు దూది తెచ్చి ఒత్తింది.

ఆ తరవాత లేచి సున్నం తొట్టి దగ్గరకు వచ్చింది. మేస్త్రి చేతిలో నీలిమందు పొట్లం ఉంది. ఎంత వెయ్యాలని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆవిడే అందరి ముఖాలూ ఒకసారి చూసి, "ఈసారి నానొక్కదాన్నే సెప్పను. అందరూ సూడండి. నోరు మూసుకుని ఊరుకుంటే మీ ఇళ్లకొచ్చి నీలం ఏసీగలను" అంది.

కొంచెం రాసి ఆరబెట్టాం. పక్కింటావిడ ఇంకొంచెం తెల్లగా ఉండాలంది. మేస్త్రి చాలన్నాడు. నాకు చాలనిపించింది, చాలన్నాను. ఆ సన్నపాటి మనిషి తన సంచిలోంచి నాలుగు పప్పులు తీసి గోడకు ఆనించి చూసి, ఇది మీగడ దగ్గరే ఉంది, చిటికెడు పడాలంది. స్నేహితురాళ్లిద్దరూ తలలు దగ్గరపెట్టి కాసేపు వాదించుకున్నారు. చివరకు చిటికెడులో సగం వేశారు.

మధ్యాహ్నానికి గది లోపల పూర్తయింది. సందులో పక్కింటి గోడకు మేస్త్రి రెండో చెయ్యి వేస్తున్నాడు. తడిగోడ మీంచి వెలుతురు మెల్లగా గట్టు మీదికి వస్తోంది. నేలమీద పడిన సున్నపు చుక్కల్ని పక్కింటావిడ గోనెగుడ్డతో తుడుస్తోంది. నాకు మూడింటికి ఉద్దానంలో ఒక తోటలో పని ఉంది. అక్కడ ఇంటివాళ్లు ఏ చెట్టు ఉంచాలో తేల్చుకోలేక నాకోసం చూస్తున్నారు. బ్యాగు సర్దుకుంటుంటే కూతురు రెండు అరటిపళ్లు చేతిలో పెట్టింది.

వెళ్తానని చెప్పడానికి గదిలోకి తొంగి చూశాను. ఆవిడా, ఆ సన్నపాటి మనిషీ గట్టుకు చెరోవైపు కూర్చుని పళ్లెం ముందు పెట్టుకున్నారు. ఆవిడ ఒక పప్పు ఎత్తి, తన కొత్త కళ్లకు దగ్గరగా పెట్టుకుని, స్నేహితురాలి వైపు చాచింది.

"మీగడేనా?"

"మీగడే."

ఆవిడ దాన్ని పక్కన వేసి ఇంకొకటి తీసింది.